ట్రాఫిక్ లేని దారికి తొమ్మిది జంటలు

అమెరికాలోని నేపర్‌విల్ ఊరి చుట్టుపక్కల కారు నడిపే ప్రతి మనిషినీ వాసుదేవరావు గారు ఎప్పుడో ఒకప్పుడు ఆపే ఉంటారు. ఆగినవాళ్ళకు ఆ సంగతి తెలియదు, ఆయనా చెప్పుకోలేదు. చీరాల నుంచి పైచదువుకని వచ్చి, ఇక్కడి చలికి అలవాటు పడి, ఒక కౌంటీ రోడ్ల శాఖలో సిగ్నల్ ఇంజనీరుగా చేరి, అక్కడే జుట్టు పోగొట్టుకుని రిటైరయ్యారు. ఏ కూడలిలో ఎర్రదీపం ఎంతసేపు వెలగాలో, ఎడమకు తిరిగే కార్లకు పచ్చబాణం ఎప్పుడు ప్రసాదించాలో నిర్ణయించిన చెయ్యి ఆయనది. పెళ్ళికి వెళ్ళేవాళ్ళనీ, ఇంటర్వ్యూకి ఆలస్యమైనవాళ్ళనీ ఆయన ఎన్నడూ తేడా చూపలేదు. అంతటి సమదృష్టి యమధర్మరాజు తర్వాత ఆ శాఖలోనే కనబడుతుంది.

అలాంటి మనిషి నోటితో మాత్రం ఎవరినీ ఆపలేకపోయారు. 'వద్దు', 'కుదరదు' అనే మాటలు ఆయనకు తెలుసు. ఎదుటివాళ్ళు అంటే నొచ్చుకోరు కూడా. తాను అనబోతే మాత్రం గొంతు దాటేలోపల అవి 'తప్పకుండా' అయి బయటికొస్తాయి. ఇన్సూరెన్స్ అమ్మడానికి ఫోన్ చేసినవాడిని సైతం ముందు లంచ్ చేశావా నాయనా అని అడిగి, వాడు అవునో కాదో చెప్పేదాకా ఫోన్ పెట్టని మర్యాద ఆయనది.

ఆయన భార్య సరోజ గారు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన వేసవిలోనే, ఆదివారం తప్ప ఎప్పుడూ ఖాళీగా ఉండే ఒక చర్చి పార్కింగ్ లాట్‌లో, రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయేలా సైకిల్ నేర్చుకున్నారు. అప్పటినుంచీ ఆమె ముఖంలో ఏదో మారింది. అది సంతోషమో, తిరుగుబాటో వాసుదేవరావు గారికి అంతుపట్టలేదు. భర్తకు కూడా ఒక సైకిల్ కొనిపెట్టారు. ఆయన దాన్ని గరాజ్‌లో గౌరవంగా తుడుస్తూ ఉండేవారు.

ఒకరోజు పొద్దున ఇడ్లీల దగ్గర ఆమె అన్నారు:

"సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ వెళ్తున్నాం. బుక్ చేశాను."

"తప్పకుండా" అని, ఆ తర్వాత ఆలోచించి, "ఫ్రాన్స్‌లో ఏముంది?" అన్నారు ఆయన.

"బర్గండీ అని ఒక ప్రాంతం. ద్రాక్షతోటలు, అడవులు. మధ్యలోంచి సైకిల్ దారి. రోజూ తొక్కినంత తొక్కి సాయంత్రానికి ఏదో పల్లె చేరి పడుకోవడం. పెట్టెలు వాళ్ళే తెచ్చిపెడతారు."

"మనం వైన్ తాగం కదా, సరోజా?"

"మున్నార్‌లో టీ తోటలు చూసినప్పుడు మీరు టీ మానేసి ఉన్నారు. తోటలేమీ ఫీలవలేదు."

"ట్రాఫిక్ ఎలా ఉంటుందో?"

"ఉండదు. అదే దాని గొప్ప. పాత రైలు పట్టాలు పీకేసి వేసిన దారి. ఒక్క కారు రాదు."

వాసుదేవరావు గారు అదే ఇడ్లీముక్కను చట్నీలో రెండోసారి ముంచారు. ట్రాఫిక్ లేకపోవడం ఒక ఆకర్షణ అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ట్రాఫిక్ తక్కువున్న దారిని ఆయన శాఖలో మూసెయ్యాలా వద్దా అని మీటింగ్ పెట్టేవారు. దాన్ని వెతుక్కుంటూ సముద్రం దాటి వెళ్ళడమేమిటి?

"ఎందుకూ?" అన్నారు చివరికి.

సరోజ గారు గిన్నె కింద పెట్టారు. "ఈ ఊరొచ్చినప్పట్నుంచీ నేను ఖాళీగా ఉన్న వీకెండ్ ఒక్కటి చెప్పండి. డిన్నర్‌లు, వ్రతాలు, ఎవరిదో బేబీ షవర్, ఎవరి అమ్మగారినో ఎయిర్‌పోర్ట్ నుంచి తేవడం. పనిలో మందులు లెక్కపెట్టాను, ఇంట్లో ప్లేట్లు లెక్కపెట్టాను. ఒక్క వారం, ఎవరూ నాకు ఆకలేస్తోందని చెప్పని చోట ఉండాలని ఉంది. మీరూ నేనూ. అంతే."

"తప్పకుండా" అన్నారాయన మళ్ళీ. ఈసారి అర్థమయ్యే అన్నారు, లేదా అర్థమైందనుకుని అన్నారు.

ఆ ఆదివారం పక్క ఊరు అరోరాలోని గుడి క్యాంటీన్‌లో ఘోరం జరిగింది. దోసె తింటున్న చక్రపాణి గారు ఎదురుపడ్డారు. ఆయన ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. రిటైరయ్యాక ఎవరినీ నిద్రపోనివ్వడం లేదు. పిక్నిక్‌లు, బస్సు టూర్లు, యోగా శిబిరాలు అన్నీ ఆయన చేతుల మీదే నడుస్తాయి. ఇరు కుటుంబాలకీ వరసలు కలిసి చాలా ఏళ్ళయింది. ఆయన వాసుదేవరావు గారిని బావగారూ అంటారు.

"ఏంటి బావగారూ, సెప్టెంబర్‌లో ఎక్కడికీ కదలట్లేదా?"

"సరోజ ఫ్రాన్స్‌లో ఏదో సైకిల్ యాత్ర బుక్ చేసిందండీ. మీరూ రావచ్చుగా!"

ఈ చివరి మాట గురించి కొంచెం చెప్పాలి. భోజనం చేస్తుంటే గుమ్మంలోకి వచ్చినవాణ్ణి 'రండి, కూర్చోండి' అంటాం. వాడు 'ఇప్పుడే తిన్నానండీ' అంటాడు. వాడు తినలేదని మనకు తెలుసు, అన్నం సరిపోదని వాడికి తెలుసు. ఇద్దరి పరువూ నిలబడుతుంది. వాసుదేవరావు గారు వేసింది ఆ పీటే. చక్రపాణి గారు 'మాకెక్కడ కుదురుతుంది లెండి, మీరు వెళ్ళిరండి' అనాలి. వెయ్యేళ్ళ నాగరికత ఆ జవాబు కోసం చెవులు రిక్కించి నిలబడింది.

"తప్పకుండా!" అన్నారు చక్రపాణి గారు.

వాసుదేవరావు గారికి కాళ్ళకింద క్యాంటీన్ కదిలినట్లయింది. తాను మర్యాదకు పిలిచాడని ఈయనకు తెలియలేదా? తెలిసే వస్తున్నాడా? లేక ఈ దేశంలో ఇన్నేళ్ళుండి, పిలిస్తే పిలిచినట్టే అనుకునే స్థితికి దిగజారాడా? ఇంటికి డ్రైవ్ చేస్తూ ఆయన మూడు ప్రశ్నలనూ అన్ని వైపులనుంచీ పరిశీలించారు. మధ్యలో ఒక సిగ్నల్ దగ్గర పచ్చదీపం వచ్చినా కదలక, వెనకవాళ్ళ చేత హారన్ కొట్టించుకున్నారు.

సాయంత్రానికి ఫోన్‌లో 'ద్రాక్షతోటల విహారం' అనే వాట్సాప్ గ్రూప్ వెలిసింది. చీకటి పడేలోగా అందులో తొమ్మిది జంటలు చేరాయి. చక్రపాణి గారు వరసగా వర్తమానాలు పంపారు: పారిస్‌లో ఒక గుంటూరు అబ్బాయి ఉన్నాడు, వ్యాన్‌లో మన వెనకే సాంబారు తెస్తాడు. వచ్చే శనివారం అరోరాలో ప్రాక్టీస్ రైడ్. అది కాగానే అందరికీ ఒకేసారి బుక్ చేసేస్తాను.

సరోజ గారు ఆ వర్తమానాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరు పిలిచారు వీళ్ళని?"

"పిలవలేదు. అన్నాను."

"అంటే?"

"మాటవరసకి..."

"అయితే మాటవరసకి వద్దనండి. శనివారంలోపు. వాళ్ళు వచ్చేట్టయితే నేను నా టికెట్ తేదీ మార్చుకుని ఒక్కదాన్నే వెళ్తాను. మీరు సాంబారు వ్యాన్ ఎక్కి వాళ్ళతో రండి."

ఆమె కోపంగా అనలేదు. ఫార్మసీ కిటికీలోంచి ఈ మాత్ర పాలతో వేసుకోకూడదు అని చెప్పినట్టు అన్నారు. అందుకే ఆయనకు భయమేసింది.

మర్నాడే ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేశారు. వద్దు అనడానికే చేశారు.

"చక్రపాణి గారూ, అక్కడ వానలెక్కువట."

"రెయిన్‌కోట్లు పెట్టెలెక్కన కొనేద్దాం బావగారూ."

"ఎత్తుపల్లాలు కూడా... మీ మోకాలు..."

"బ్యాటరీ సైకిళ్ళు ఇస్తారట. నొక్కితే చాలు, అదే పోతుంది."

"దారి మరీ నిర్మానుష్యంగా ఉంటుందట."

"మనం వెళ్తున్నాంగా!"

దానికి జవాబు ఏ ఇంజనీరింగు శాస్త్రంలోనూ లేదు. వాసుదేవరావు గారు రాధారాణి గారిని అడిగానని చెప్పమని ఫోన్ పెట్టేశారు. రాధారాణి గారు చక్రపాణి గారి భార్య.

శనివారం పొద్దున ప్రెయిరీ పాత్ అనే సైకిల్ దారి మొదట్లో అందరూ చేరారు. అదీ ఒకప్పటి రైలు దారే. పట్టాలు పోయి, సున్నపురాయి పొడి పరుచుకుని, రెండువైపులా చెట్లతో సన్నగా సాగిపోతుంది. తొమ్మిది జంటలూ ఒకే రంగు టీషర్టులు తొడుక్కున్నారు. ఒకాయన సైకిల్‌కి స్పీకర్ కట్టి ఘంటసాల పాటలు పెట్టారు. రాధారాణి గారు హ్యాండిల్‌కి పులిహోర డబ్బా వేలాడదీసుకుని, తానెందుకు వచ్చిందో తెలియని ముఖంతో నిలబడ్డారు. సరోజ గారు ఎవరితోనూ మాట్లాడకుండా టైర్లలో గాలి చూసుకున్నారు. పరిగెత్తుకుంటూ వచ్చిన ఒక అమెరికన్ అమ్మాయి ఈ ఊరేగింపును చూసి గడ్డిలోకి దిగి, దండంలాంటిది పెట్టి వెళ్ళిపోయింది.

కొంతదూరం బాగానే సాగింది. ఆ దారి ఒక రోడ్డును దాటేచోట ఊరేగింపు ఆగింది. అటూ ఇటూ కార్లు ఆగి, డ్రైవర్లు వెళ్ళమని చేతులూపారు. ముందున్న జంట పక్కకు జరిగి, "మీరు పదండి" అన్నారు. వెనకవాళ్ళు, "అయ్యో, పెద్దవారు, ముందు మీరు" అన్నారు. ఆ పెద్దవారు తమకంటే పెద్దవారి కోసం వెనక్కి చూశారు. ఎవరూ కదల్లేదు. రోడ్డు మీద కార్ల వరస పెరిగింది. ట్రాఫిక్ లేని దారి మీద, ఒక్క యంత్రం సాయం లేకుండా, కేవలం మర్యాదతో తయారైన ఆ జామ్‌ని వాసుదేవరావు గారు నోరు తెరుచుకుని చూశారు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటిది కాగితం మీద కూడా గీయలేదు. మధ్యలోంచి సరోజ గారు "తప్పుకోండి" అని ఒక్కమాట అని, సర్రున రోడ్డు దాటిపోయారు. ఆమె వెనక మిగతావాళ్ళు కదిలారు.

అవతలి పక్క బెంచీ మీద చక్రపాణి గారు కూలబడ్డారు. మోకాలు పట్టుకుని మూలిగారు. పక్కన వాసుదేవరావు గారు మాత్రమే ఉన్నారు. సరోజ గారు కొంచెం అవతల నీళ్ళు తాగుతున్నారు.

"బావగారూ, మీకో మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు" అన్నారు చక్రపాణి గారు గొంతు తగ్గించి. "నాకు సైకిలంటే చిన్నప్పట్నుంచీ పడదు. రాధారాణి వారం నుంచీ నాతో మాట్లాడ్డంలేదు. కానీ మీరు నోరు తెరిచి పిలిచారు. కాదంటే సరోజమ్మ ఏమనుకుంటుందోనని తప్పకుండా అన్నాను. ఒక్కణ్ణీ మీకు బరువవుతానని పదిమందినీ పోగేశాను. వాళ్ళూ నేను పిలిచానని కాదనలేక వచ్చారేమో, నాకు డౌటే."

వాసుదేవరావు గారి గుండెలో దీపావళి జరిగింది. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. 'సరే అయితే, మానేయండి' అంటే చాలు. ఆయన నోరు తెరిచారు.

"అయ్యయ్యో, అదేం మాట! మీరు లేకపోతే అది యాత్రేనా?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయన అటూ ఇటూ చూశారు.

"మీరంతగా అంటుంటే..." అన్నారు చక్రపాణి గారు నీరసంగా లేవబోతూ.

"అన్నయ్యగారూ," అన్నారు సరోజ గారు నీళ్ళ సీసా మూత బిగిస్తూ, "మీరు రావద్దు."

గాలి ఆగింది. స్పీకర్‌లో ఘంటసాల కూడా ఒక చరణం ముగించి ఊపిరి తీసుకున్నారు.

"రావద్దా?" అన్నారు చక్రపాణి గారు.

"వద్దు. నాకు ఆయనతో మాత్రమే వెళ్ళాలని ఉంది. ఆ మోకాలికి ఐస్ పెట్టుకోండి. వచ్చాక మీ ఇంటికి నేనే వచ్చి ఫోటోలు చూపిస్తాను."

చక్రపాణి గారి ముఖం విప్పారింది. పెళ్ళిపీటల మీంచి దిగిన పెళ్ళికొడుకులా ఒళ్ళు విరుచుకున్నారు. "రాధా! మనం వెళ్ళక్కర్లేదు!" అని కేకేశారు. పులిహోర డబ్బా దగ్గర్నుంచి, "హమ్మయ్య!" అని మొదట రాధారాణి గారు, ఆ తర్వాత ఎవరెవరో అన్నారు. కాసేపట్లోనే అందరూ గడ్డి మీద కూర్చుని, ఒక బస్సు అద్దెకు తీసుకుని ఇదే రాష్ట్రంలోని గలీనా వెళ్దామా, అక్కడా ద్రాక్షతోటలున్నాయట, కూర్చునే చూడొచ్చు అని ఉత్సాహంగా వాదించుకుంటున్నారు. ఎవరూ ఎవరి మీదా కోపగించలేదు. ఇంత సులువైన పనికి తాను వారమంతా నిద్ర ఎందుకు మానుకున్నాడో వాసుదేవరావు గారికి బోధపడలేదు.

తిరిగి చూస్తే సరోజ గారు లేరు. దారి మీద దూరంగా చిన్న చుక్కలా వెళ్ళిపోతున్నారు. ఆయన హడావిడిగా సైకిలెక్కి, రెండుసార్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఒక చెక్క వంతెన దగ్గర అందుకున్నారు. ఆమె ఒక కాలు నేలకు ఆనించి నిలబడి ఉన్నారు.

"అయిపోయింది కదా సరోజా. ఇంక మనిద్దరమే."

"మీ సంగతి అడుగుదామని ఆగాను. ఆ రోజు ఇడ్లీల దగ్గర నాకు తప్పకుండా అన్నారు. ఇందాక ఆయనకి మీరు లేకపోతే యాత్రేనా అన్నారు. రెండూ ఒకటేనా?"

"ఛ ఛ! అదెలా..."

"నాకెలా తెలుస్తుందండీ? ఇన్నేళ్ళుగా మీరు నాకు ఒక్కసారి కూడా వద్దనలేదు. మరి వీటిలో ఎన్ని మాటవరసకి?"

వాసుదేవరావు గారు లెక్కపెట్టబోయారు. ఎన్ని? ఆయనకే తెలియదు. ఈ ఇల్లు కొనడం, ఆ నీలం సోఫా, ప్రతి ఏడాదీ క్రూజ్ అనుకుని మానుకోవడం. వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కడ మర్యాద ఆగిందో, ఎక్కడ ఇష్టం మొదలైందో కనబడలేదు. వంతెన కింద నీళ్ళు ఏ తొందరా లేకుండా పోతున్నాయి.

"లెక్క నాకు తెలీదు" అన్నారు నెమ్మదిగా. "ఇది మాత్రం చెప్తాను. సైకిలంటే నాకు భయం. ద్రాక్షతోటలు చూస్తే ఏమనాలో తెలీదు. కార్లు లేని దారి మీద ఎటు చూడాలో అసలు తెలీదు. నాకు వెళ్ళాలని లేదు."

సరోజ గారు హ్యాండిల్ మీది బ్రేకు ఒకసారి నొక్కి వదిలారు.

"కానీ నువ్వు నన్ను వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అందుకని వస్తాను. ఇది మర్యాద కాదు."

ఆమె చెయ్యి చాచి, ఆయన హెల్మెట్ వెనక్కి తిరిగి ఉంటే సరిచేశారు.

"సరే. కానీ నా వెనకే రావాలి. మాట్లాడకూడదు."

"ఎంతసేపు?"

"ఆకలేసేదాకా."

"ఎవరికి?"

"నాకు" అని పెడల్ మీద కాలేశారు సరోజ గారు.

వాసుదేవరావు గారు ఏదో అనబోయి, నిబంధన అమల్లోకి వచ్చిందో లేదో తేల్చుకోలేక, నోరు మూసుకుని ఆమె వెనక తొక్కసాగారు.