పిండి గోదాములో నీలం ఉండ

ఆ వీధిలో అందరూ ఆమెను పిట్టల డాక్టరమ్మ అనేవారు. ఆ పేరు తెచ్చిపెట్టిన తంటా అంతా ఇంతా కాదు. దగ్గుతున్న చిలకనో, రెక్క వాలిన పావురాన్నో పట్టుకుని ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, పిట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా కేసు కాదండీ, ఇంకా బతికే ఉంది" అనేది. వచ్చినవాళ్లు బిక్కమొహం వేస్తే కాసేపు ఆనందించి, ఆ తర్వాతే పశువుల ఆసుపత్రికి దారి చెప్పేది.

నిజంగానే ఆమె పని చచ్చిన పిట్టలతో. రోడ్ల పక్కనా పొలాల్లోనూ దొరికిన గద్దల్నీ గుడ్లగూబల్నీ పరిశోధనశాలలో కోసి, కార్జంలోంచి గోరంత ముక్క తీసి, అందులో ఏ విషం ఎంత ఉందో యంత్రంలో తేల్చేది. ఈకల్లో పాదరసం, ఎముకల్లో సీసం, కార్జంలో ఎలుకల మందు. మనుషులు గుట్టుగా పారబోసేవన్నీ పిట్టలు ఒంట్లో మోసుకొస్తాయని ఆమె వాదన. అక్కడి ఫ్రీజరు నిండితే సరుకు ఇంటి ఫ్రీజరుకి చేరేది. ఒకసారి అత్తగారు వెన్న కోసం అందులో చెయ్యి పెడితే గద్ద కాలు తగిలింది. ఆవిడ కెవ్వుమనలేదు సరికదా, "అమ్మాయ్, దీనికి గోళ్లు తీసే దిక్కే లేదా?" అని అడిగి, వెన్న తీసుకుని తలుపు మూసింది. ఆనాటి నుంచి అత్తాకోడళ్లకి చక్కగా జత కుదిరింది.

వాళ్లది కింద రొట్టెల దుకాణం, పైన కాపురం. భర్త పొయ్యి చూసుకునేవాడు. పిండి మాత్రం అత్తగారే పిసికేది. ఇంకొకరు పిసికితే ఆవిడకి ఆ రోజంతా ఒళ్లు మండేది. వెనకాల పిండి బస్తాల గోదాము, దాని దూలం మీద ఒక తెల్లమొహం గుడ్లగూబల జంట. పెళ్లయి వచ్చినప్పుడు తనకి ఆ ఇంట్లో ముందు నచ్చింది ఆ జంటేననీ, మొగుడు తర్వాతేననీ ఆమె అందరిముందూ చెప్పేది.

ఒక రోజు పొద్దున్నే, ఆ జంటలో మగది గోదాము గుమ్మంలో చచ్చి పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. ఆమె దాన్ని పరిశోధనశాలకి తీసుకెళ్లి కోసింది. కార్జం నిండా ఎలుకల మందే. అది తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మత్తుగా తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుకని పట్టుకోవడం గుడ్లగూబకి బహు తేలిక. ఎలుకతోపాటు మందూ కడుపులోకి పోతుంది.

సాయంత్రం వచ్చి దూలం కింద వెతికింది. గుడ్లగూబ తను మింగిన ఎలుకలో అరగని బొచ్చునీ ఎముకల్నీ ఉండచేసి కక్కేస్తుంది. ఆ ఉండలెప్పుడూ బూడిదరంగులో ఉంటాయి. ఈసారి ఒకటి నీలంగా ఉంది. ఎలుకల మందుకి వేసే రంగు అది. అంటే మందు ఎక్కడో దగ్గర్లోనే ఉంది.

"మన దుకాణంలో ఎవరైనా ఎలుకల మందు పెడుతున్నారా?" అని భోజనాల దగ్గర అడిగింది.

"ఛఛ! నీకు మొగుణ్ణయ్యుండి ఆ పని చేస్తానా?" అన్నాడు భర్త.

"తిండి చేసే చోట విషమా? చెంపలేసుకో" అంది అత్తగారు.

అడిగిన మాట పూర్తి కాకముందే ఇద్దరూ జవాబు చెప్పారు. ఆమె తలూపి అన్నం తినేసింది.

మర్నాడు మధ్యాహ్నం పరిశోధనశాల నుంచి నేరుగా దుకాణంలోకి వచ్చి, మొహం గంభీరంగా పెట్టి, "ఒక కొత్త సంగతి తెలిసింది. ఆ మందు ముట్టుకున్నవాళ్లకి గోళ్ల మొదట్లో నీలంగీత పడుతుందట. ఎంత తోమినా పోదట" అంది. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు.

భర్త రెండు చేతులూ జేబుల్లోకి దూరాయి. అత్తగారు అప్పుడే పిసికి పక్కన పెట్టిన పిండిలోకి మోచేతుల దాకా దిగిపోయింది.

తల్లి కొడుకు జేబుల వైపు చూసింది. కొడుకు తల్లి చేతుల వైపు చూశాడు.

"అమ్మా, నువ్వు కూడానా?"

"కూడానా ఏమిట్రా? అయితే నువ్వూ పెట్టావన్నమాట!"

కొడుకు పొయ్యి వెనక పెట్టాడు, తల్లి బస్తాల కింద పెట్టింది. ఎలుకలు తగ్గేసరికి ఎవరికి వారు అది తమ ఘనతేనని లోలోపల మురిసిపోతున్నారు. డాక్టరమ్మ పిండి బస్తా మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇంతకీ గీత ఏదే?" అత్తగారు పిండి చెయ్యి తుడుచుకుని వెలుగులో పెట్టి చూసుకుంది.

"గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు అత్తయ్యా."

"ఓసి నీ తెలివి తెల్లారా!"

నవ్వు సద్దుమణిగాక ఆమె ఇద్దర్నీ గోదాములోకి తీసుకెళ్లింది. దూలం మీద ఆడది ఒక్కతే, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భర్త బస్తాలు జరిపి, మందు పొట్లాలన్నీ ఏరి, మూటకట్టి ఆమె చేతికిచ్చాడు. "దీన్ని ఎక్కడ పారేస్తే ఏ పిట్టకీ అందదో నీకే తెలుసు" అన్నాడు. ఆ పూట అతను సరిగ్గా తినలేదు.

తర్వాత కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చారు, పిండికి మూతల డబ్బాలు కొన్నారు. అంతలోపల ఎలుకలకి పండగే అయింది. ఒకటి పట్టపగలు బల్ల మీద అడ్డంగా పరిగెత్తితే, ఎదురుగా ఉన్న కొనుగోలుదారు కంగారుపడ్డాడు. "తనిఖీకి వచ్చారండీ, వెళ్లిపోతారు" అంది అత్తగారు నదురూ బెదురూ లేకుండా. ఆయన ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

చలి తగ్గాక దూలం మీదికి ఇంకో మగది వచ్చింది. ఉండలన్నీ మళ్లీ బూడిదరంగుకి తిరిగాయి. డాక్టరమ్మ రాసిన పరిశోధన వ్యాసం కూడా అప్పుడే అచ్చయింది. అందులో "పట్టణం నడిబొడ్డున ఉన్న ఒక ఆహార దుకాణం" అన్న మాట చదివి భర్త, "పరువు తీశావు కదే" అన్నాడు. అత్తగారి బాధ వేరు. "ఒక దుకాణం ఏమిటే? ఇన్నాళ్లుగా నడుపుతున్నాం, పేరు వెయ్యడానికి నీకు చెయ్యి రాలేదా?"

గూట్లో పిల్లలు ఎదిగాక, రెక్క కింద నరంలోంచి చుక్క రక్తం తీయాల్సి వచ్చింది. పిల్లని పట్టుకోవడానికి భర్త ఎంతకీ ముందుకు రాలేదు. అత్తగారే మందపాటి తువ్వాలు చుట్టి గుండెకి హత్తుకుంది. అది బుసలు కొట్టి, గింజుకుని, చివరికి ఆవిడ ఒళ్లంతా రెట్ట వేసి పాడుచేసింది.

"కానీవే" అంది ఆవిడ, చెయ్యి సడలించకుండా. "మీ అమ్మ మొదటి మొగుడి ప్రాణం తీసినవాళ్లం. ఈమాత్రం అక్షింతలు పడాల్సిందే."

వారం తిరగకముందే పరీక్షల ఫలితం వచ్చింది. ఆ పిల్లల రక్తంలో మందు జాడ లేదు. ఆ కబురు డాక్టరమ్మ కంటే ముందు అత్తగారే వీధంతా చెప్పుకొచ్చింది.