బాబూలాల్ శ్రుతి తెగిన పూట

తెనాలి చినరావూరులో బాబూలాల్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోవచ్చు. శ్రుతి బాబూలాల్ అంటే మాత్రం రేపల్లెలో తెలుసు, బాపట్లలో తెలుసు, మధ్యలో ఉన్న ప్రతి పెళ్లింటికీ తెలుసు. నేను యలమందను, నందివెలుగు వాణ్ణి. డోలు వాయిస్తాను. ఇద్దరిదీ ఒకే సన్నాయి మేళం. మతాలు వేరైనా చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకున్నవాళ్లం. మేళానికి పెద్ద జాన్ సైదా, బాబూలాల్‌కు పెదనాన్న కొడుకు. రాగం ఆయనది, దరువు నాది, శ్రుతి బాబూలాల్‌ది.

శ్రుతి పట్టడమంటే ఏమిటో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. అసలు సన్నాయి పక్కన ఇంకో సన్నాయి పట్టుకుని ఒకడు కూర్చుంటాడు. వాడికి రాగం లేదు, పాట లేదు. ఒకే ఒక్క స్వరం. మేళం నడిచినంతసేపూ అది తెగకూడదు. మరి ఊపిరి ఎప్పుడు పీలుస్తాడయ్యా అంటే, అదే విద్య. బుగ్గల్లో గాలి దాచుకుని, నోరు ఊదుతూ ఉండగానే ముక్కుతో పీలుస్తాడు. సన్నాయి పీక నోట్లో ఉందంటే నోటికి ఊదడం ఒక్కటే పని.

బాబూలాల్‌కు ఈ విద్య వాళ్ల నాయన నేర్పాడు. లోటా నిండా నీళ్లు పోసి, బొప్పాయి కాడ చేతికిచ్చి, నీళ్లలోకి ఊదమనేవాడు. బుడగలు ఆగాయంటే చెంప పగిలేది. పిల్లవాడికి అన్నం తినడం కన్నా ముందు ఇదే వచ్చిందని వాళ్లమ్మ వాపోయేది. పెద్దయ్యాక వాడి శ్రుతి చూడాలని కొల్లిపర పెళ్లిలో మగపెళ్లివారి కుర్రాళ్లు పంతం పట్టారు, ఎక్కడ ఆపుతాడో చూద్దామని ఊరేగింపు పొడుగునా వాడి మొహంలోకి చూస్తూ వెనక్కి నడిచారు. ఒకడు మురుగుకాలవలో పడ్డాడు. వీడి శ్రుతి మాత్రం తెగలేదు.

అంతటివాణ్ణి ఒక పెట్టె ఓడించింది. అరవైల చివర్లో జాన్ సైదా బెజవాడ వెళ్లి శ్రుతిపెట్టె కొనుక్కొచ్చాడు. తిత్తి ఊపుతుంటే చాలు, ఎవడి ఊపిరీ అక్కర్లేకుండా స్వరం వస్తూనే ఉంటుంది. దాని మొహం మండ, దానికి ఆకూవక్కా పెట్టక్కర్లేదు, రైలు టికెట్టు కొనక్కర్లేదు. రేపల్లె పెళ్లిలో మొదటిసారి దాన్ని తెచ్చి పెట్టిన రోజున బాబూలాల్ సన్నాయి గుడ్డలో చుట్టుకుని పందిట్లో ఒక పక్కన కూర్చున్నాడు. భోజనానికి రమ్మంటే, "వాయించకుండా ఎట్టా తింటాను బావా?" అన్నాడు. నాకు ఆ పెట్టెను తంతే బాగుండుననిపించింది. జాన్ సైదాను తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. ఆయనకూ నలుగురు పిల్లలు.

వాడి భార్య రసూల్‌బీ బొంతలు కుట్టేది. వాటితో ఇల్లు గడవదు. వేమూరు వాళ్లెవరో కొత్తగూడెం అవతల బొగ్గు బావిలో మనుషులు కావాలంటున్నారని చెబితే, వీడు బెజవాడలో రైలు మారి పోయాడు. బొగ్గు తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపే పని. సన్నాయి పట్టిన చేతులు తట్ట పట్టాయి. పొలం ఉంటే వెళ్లేవాడా? లేదు గనక వెళ్లాడు.

కొన్నేళ్లు బాగానే గడిచింది. డెబ్బైల్లో ఒక ఉదయం, సెలవు కాని సెలవులో, నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి బావా, ఇప్పుడొచ్చావు?"

"నాకు ఊపిరి పీల్చడం రాదంట బావా. నేర్చుకు రమ్మన్నారు."

ఎగతాళి అనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాక చెప్పాడు.

బావిలో దిగే ప్రతి మనిషీ నడుముకు ఒక డబ్బా కట్టుకుని దిగాలని కొత్త నిబంధన వచ్చిందట. లోపల ఎక్కడైనా నిప్పు పుట్టి గాలి చెడితే ఆ డబ్బా మూత పీకి, దాని గొట్టం పళ్లతో కరిచిపట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టుకోవాలి. పీల్చడం, వదలడం రెండూ నోటితోనే. డబ్బాలోని మందు పొగలోని విషాన్ని విరుస్తుంది. అదేమీ కొత్తగా గాలి పుట్టించదు, బయటికి నడిచి వచ్చేదాకా కాపాడుతుంది, అంతే. పెట్టుకోవడం చేసి చూపించనివాణ్ణి లోపలికి దింపకూడదు.

"గొట్టం నోట్లో పెట్టగానే నా నోరు ఊదుద్ది బావా. ముక్కు పీల్చాలని చూస్తది. ముక్కుకేమో క్లిప్పు. గుండెకాయ పగిలిపోతుందనిపించి పీకి పారేస్తాను. ఎన్నిసార్లు పెట్టినా అంతే."

"మిగతావాళ్లో?"

"అందరికీ వచ్చింది. సన్నాయోడికి పీల్చడం రాదని ఒకటే నవ్వడం. ట్రైనింగ్ సారు కసిరాడు వాళ్లని. లోపల ఆ క్లిప్పు పీకినవాడు మళ్లీ పైకి రాడు, నవ్వులాట కాదన్నాడు. ఈ సెలవు అయ్యేలోపు నేర్చుకోకపోతే నన్నింక దింపరు. పైన పని ఖాళీ లేదంట."

అదీ సంగతి. తండ్రి చెంపలు పగలగొట్టి నేర్పిన విద్య ఇప్పుడు కొడుకు అన్నానికి అడ్డం వచ్చింది. పోనీ, అన్నంతో పోతే ఫరవాలేదు. పాసయ్యానని ఎలాగో అనిపించుకుని దిగాడనుకుందాం, లోపల నిజంగా పొగ వస్తే?

మర్నాటి నుంచి చినరావూరులో వాళ్ల పెరట్లో సాధన. డబ్బా ఇవ్వరు కదా, మళ్లీ బొప్పాయి కాడే. ముక్కుకు రసూల్‌బీ బట్టల క్లిప్పు. కాడ పళ్ల మధ్య పెట్టుకోగానే బుగ్గలు బూరెల్లా పొంగేవి. కళ్లు ఎర్రబడేవి. క్లిప్పు ఎగిరి కోళ్ల మధ్య పడేది. వీధిలో పిల్లలు గోడెక్కి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండి తరిమేవాణ్ణి.

"నోటితో పీల్చరా బాబూ, గేదెక్కూడా తెలుసు!" అని అరిచాను ఒకసారి.

"గేదెకి మా నాయన నేర్పలేదుగా," అన్నాడు వాడు.

అసలు కష్టం రాకపోవడం కాదని ఒక మధ్యాహ్నం తెలిసింది. కాడ పక్కన పెట్టి, నేల చూస్తూ అన్నాడు: "ఇది వస్తే అది పోద్దేమో బావా."

"పోతే పోనీ. దాన్ని పెట్టె ఏనాడో మింగేసింది," అన్నాను.

వాడు అటు తిరిగి కూర్చున్నాడు. మాట కటువే, నాకు తెలుసు. తెలిసే అన్నాను. రసూల్‌బీ బొంతలో సూది గుచ్చి తలెత్తింది. "అన్న తప్పేం అనలేదు. నువ్వు శ్రుతి పట్టినా పట్టకపోయినా నాకొకటే. ఇంటికి రావాలి, అంతే," అంది.

ఆ రాత్రి ఆలోచించి, తెల్లారగానే డోలు భుజానికి తగిలించుకుని వెళ్లాను. వాడి నోరు వాడి మాట వినదు గాని, వాడి చెవి నా దరువు వింటుంది. ఎన్నేళ్ల నుంచి వింటోంది! "తాం అన్నప్పుడు పీల్చు. త అన్నప్పుడు వదులు. ఇంకేం ఆలోచించకు," అన్నాను. నడక మెల్లగా మొదలుపెట్టాను. తాం. త. తాం. త. మొదట్లో తడబడ్డాడు, దగ్గాడు, ఒకసారి కాడ కొరికి మింగినంత పని చేశాడు. నేను ఆపలేదు. పొద్దెక్కేసరికి వాడి ఛాతీ తాం దగ్గర లేచింది, త దగ్గర దిగింది. కాసేపటికి నేను డోలు ఆపాను. వాడి ఊపిరి ఆగలేదు, అదే నడకలో నడుస్తోంది. రసూల్‌బీ పొయ్యి దగ్గర నుంచి ఉరికొచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పరీక్ష పాసయ్యాడు. మళ్లీ బావిలో దిగాడు. నేనూ మరిచిపోయాను, నాకు నా పెళ్లిళ్లు, నా ముహూర్తాలు.

రెండో ఏడు వేసవిలో వేమూరులో పెళ్లికి వెళ్లాం. సెలవులో వచ్చిన బాబూలాల్, పందిరి చూడాలనిపించిందేమో, రసూల్‌బీతో కలిసి మాతో వచ్చాడు. మేళం మొదలయ్యేలోపు అరటి బోదె పక్కన కూర్చుని, బస్సు తప్పిపోయిన కబురు చెప్పినట్టు చెప్పాడు.

"మొన్న లోపల పొగొచ్చింది బావా. తవ్వి వదిలేసిన చోట బొగ్గు తనంతట తనే రాజుకుంది. అందరం డబ్బాలు పెట్టుకుని నడిచాం. గాలి వేడెక్కి నాలుక కాలింది. వేడెక్కితే పనిచేస్తున్నట్టే, ఉమ్మెయ్యద్దు అని సారు చెప్పుండాడు. పక్కోడు ఉమ్మెయ్యబోతే నోరు అదిమిపట్టి లాక్కొచ్చాను. దీపం కింద కాళ్లు కనపడలా."

"భయం వెయ్యలా?"

"వేసింది. నోరు ఊదబోయింది కూడా. అప్పుడు నీ డోలు గుర్తు తెచ్చుకున్నా. తాం, త. పైకొచ్చేదాకా అదే. అందరం వచ్చాం."

"నాకు సంభావన ఏది మరి?" అని కసిరాను.

అంతలో జాన్ సైదా పాలిపోయిన మొహంతో వచ్చాడు. శ్రుతిపెట్టె తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. ఊపితే బుస్సుమంటోంది తప్ప స్వరం లేదు. పెళ్లికూతుర్ని తెచ్చే వేళయింది. ఆయన బాబూలాల్ వైపు చూడలేక నా వైపు చూశాడు. పెట్టెను తెచ్చి వాణ్ణి పక్కకు నెట్టిన సంగతి ఆయనకు గుర్తుండే ఉంటుంది. బాబూలాలే లేచి చెయ్యి చాపాడు. "ఇటియ్యి అన్నా, రెండో సన్నాయి."

స్వరం పట్టాడు. ఎన్నేళ్లయిందో విని! జాన్ సైదా కళ్లు మూసుకుని రాగం ఎత్తుకున్నాడు. నేను దరువు అందుకున్నాను. తాం.

శ్రుతి తెగింది.

జాన్ సైదా ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. బాబూలాల్ మొహం కందగడ్డ అయింది. సర్దుకుని మళ్లీ పట్టాడు. నేను మళ్లీ తాం అన్నాను. మళ్లీ తెగింది. పీక నోట్లో ఉండగానే వాడి పెదవులు విడి, నోరు గాలి పీల్చింది. కొల్లిపర వీధి పొడుగునా తెగని శ్రుతి, నా చేతి కింద తెగుతోంది.

వాయింపు మధ్యలో ఆపి జాన్ సైదా ఏదో అనబోయాడు. అరటి బోదె పక్కనున్న రసూల్‌బీ ముందుకొచ్చింది. "ఆయన్నేం అనబాక. అట్టా తెగకపోతే ఈ మనిషి ఈ పూట నీ పక్కన కూర్చునుండేవాడు కాదు," అంది. ఆయనకు అర్థమైందో లేదో గాని, ఆమె కళ్లు చూసి ఊరుకున్నాడు. సన్నాయి ఎత్తాడు.

బాబూలాల్ నా వైపు తిరిగాడు. "ఏం చెయ్యమంటావు బావా?"

"పట్టు," అన్నాను.

తాం కొట్టకుండా దాటేస్తే శ్రుతి తెగదని నాకు తెలుసు. ముప్పయ్యేళ్లుగా డోలు వాయిస్తున్నవాణ్ణి, ఒక్క దెబ్బ దాచి, పెళ్లివారికి తెలియకుండా ఇంకో దరువు నడపలేనా? దాచలేదు. పెళ్లికూతురు పీటల మీద కూర్చునేదాకా, బాబూలాల్ పీల్చాల్సిన ప్రతి చోటా, చెయ్యెత్తి గట్టిగా తాం కొట్టాను.