బొమ్మ ఆపే మనిషి

సూళ్లూరుపేటలో మా పక్కింటాయన సినిమాలు చూసేదానికని గేమ్ కన్సోల్ కొన్నాడు. మామూలు ప్లేయర్ కన్నా దాంట్లో బొమ్మ బాగా వస్తుందని ఎవరో చెప్పినారంట. ఆటలు ఒక్కటీ ఆడలేదు, ఎవర్నీ ఆడనివ్వలేదు. ఇంటికొచ్చినవాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, కథ రక్తి కడుతుండగా బొమ్మ ఆపి, హీరో గడ్డంలో వెంట్రుకలు చూపించి, "క్లారిటీ చూసినావా?" అనేవాడు. ఆ సినిమాలో ఏం జరిగిందని అడిగితే ఆయనకే తెలిసేది కాదు. అంత పెద్ద టీవీ పెట్టుకొని అంత తక్కువ చూసే మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లమ్మ పోయిన కొన్నాళ్లకు, అక్క తన పెళ్లి డీవీడీ తెచ్చి, టీవీలో వేయమని ఆయన్ను అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కాసేపు చూసి డిస్కు బయటికి తీసేసినాడు.

"ఇంత మసక బొమ్మ ఈ టీవీలో వేస్తే పరువు పోతుంది," అన్నాడు.

అక్క డిస్కు తీసుకొని నా వెంట మా ఇంటికి వచ్చింది. మా పాత ప్లేయర్‌లో వేసినాం. పెళ్లి పందిట్లో వాళ్లమ్మ నవ్వుతా ఎవరికో వడ్డిస్తా ఉంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూస్తా ఉంది.

అంతలో ఆయన వెతుక్కుంటా వచ్చి, నేరుగా టీవీ ముందర నిలబడినాడు.

"దీంట్లో ఏం కనపడతా ఉందని చూస్తా ఉండావు?"

"మాయమ్మ కనపడతా ఉంది," అనింది అక్క. "మీరు పక్కకు జరగండి."