అక్క గొంతు కింద నా గొంతు

నా గొంతు లావు. ఇప్పుడైతే మురిసిపోతాను గానీ, పదహారేళ్ల ఆడపిల్లకు అదెంత బెంగో! మా అక్క పాడితే గంట మోగినట్టుండేది. నేను పాడితే చర్చిలో ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. ఈస్టర్ పండక్కి అక్క పక్కన నిలబడి పాడాలని నాకు ఒకటే ఆశ. పాటల జట్టును నడిపే పెద్దాయన ఒక్క మాటతో తేల్చేశాడు.

"అమ్మాయ్, నువ్వు ఊరికే పెదాలు కదుపు, చాలు."

ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. పక్కింట్లో అద్దెకుండే హైస్కూలు ఇంగ్లీషు టీచరుగారికి గోడవతల నుంచి నా రాగాలు వినబడే ఉంటాయి. మా ఇద్దర్నీ పిలిచి, రికార్డు ప్లేయరు ముందు కూర్చోబెట్టి ఓ పాట పెట్టారు.

"ఎంతమంది పాడుతున్నారు?" అని అడిగారు.

"ఒక్కడేనండీ" అంది అక్క.

"కాదు, ఇద్దరు. సొంత అన్నదమ్ములు. పై గొంతు వదిలెయ్, కిందది విను" అన్నారు నాతో.

మళ్లీ మళ్లీ వింటే దొరికింది. పై గొంతు ఎటు పోతే అటు, కింది గొంతు కూడా పక్కనే నడుస్తోంది. ఏది అసలో ఏది కొసరో చెప్పలేం. అబ్బ, నా ఒళ్లు ఝల్లుమంది! లావు గొంతుకూ పాటలో చోటుందన్నమాట.

ఆ అన్నదమ్ముల కథ కూడా టీచరుగారే చెప్పారు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో కలిసి పాడేవారట. అమెరికాలో రాక్ అండ్ రోల్ కొత్తగా పుట్టిన రోజుల్లో చెరో గిటారు పట్టుకుని ఊరూరా పేరు తెచ్చుకున్నారట. వాళ్లను విని సముద్రాల అవతల కుర్రాళ్లు కూడా అలా రెండు గొంతులు కలపడం నేర్చుకున్నారట. తర్వాత పోట్లాడుకుని ఏళ్లతరబడి మాటల్లేవు. ఈమధ్యే మళ్లీ కలిసి పాడారట.

"ఏళ్లతరబడా! దీంతో మాట్లాడకపోతే నాకు పూటైనా గడవదండీ" అంది అక్క. నేను దాని జడ పట్టుకుని లాగాను.

అది మిరపకాయలు ఎండే కాలం. కల్లంలో కూర్చుని తొడిమలు తీస్తూ, ఘాటుకు దగ్గుతూ, మా తెలుగు ఈస్టర్ పాటనే అలా రెండు గొంతుల్లో సాధన చేశాం. పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమ్మే, పాడతన్నారా, పోట్లాడుకుంటన్నారా?"

"రెండూనే పిన్నీ!" అనేది అక్క.

ఇద్దరం అలా పాడతామంటే పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. అప్పుడు అక్క ఆయన ఎదుటే నిలబడి, "చెల్లి పాడకపోతే నేనూ పాడనండీ" అంది. అక్క లేకుండా ఈస్టర్ పాటా? ఆయన గొణుక్కుంటూనే సరేనన్నాడు. అక్క అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఈస్టర్ రోజు చర్చి కిటకిటలాడుతోంది. మొదటి చరణం సగంలో ఉండగానే ముందు వరసలోంచి ఓ ముసలమ్మ లేచింది. ఆమె నోటికి ఊరంతా జడిసేది, చర్చిలోని పాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"ఒసేయ్ చిన్నదానా, నువ్వు ఆపవే! పెద్దదాన్ని పాడనీ!"

ఆపేశాను. పెద్దాయన నాకేసి చూసి, నేను ముందే చెప్పలేదా అన్నట్టు తలాడించాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక్కతే పాడుతూ పోయింది. బాగానే పాడింది, ఎప్పటిలాగే. నేను కళ్లు దించుకుని చాప మీద నా కాళ్లనే చూసుకుంటూ నిలబడ్డాను.

రెండో చరణం మొదలైంది. ముసలమ్మ ఇంకా కూర్చోలేదు. అటూ ఇటూ చూసింది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. అక్క పాడుతుండగానే మళ్లీ అరిచింది.

"ఏమే చిన్నదానా, ఆపేశావేం? నువ్వు లేకపోతే పాట బోసిపోయిందే! అందుకో, అందుకో!"

చర్చంతా గొల్లున నవ్వింది. నా గొంతు కావాలని ఒకరు అడగడం నా జన్మలో అదే మొదటిసారి. అక్క నవ్వు ఆపుకోలేక చరణం మింగేసింది. ఈసారి నేనే ముందు అందుకున్నాను.