కప్పు వేయని బోగీ

జగిత్యాల డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, బాత్రూముకు తప్ప కాలు కింద పెట్టొద్దని చెప్పింది. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. ఈసారి కూడా పోతే మళ్ళీ ఆశపడే శక్తి లేదు. అట్లా ఐదో నెలలో, కోరుట్లలోని మా అత్తగారింటి వెనక గదిలో మంచం ఎక్కాను. కాళ్ళవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, దానికి ప్లాస్టరింగు కూడా లేదు. పైన స్లాబు, స్లాబుకు ఫ్యాను, ఫ్యాను చుట్టూ తిరిగే ఒక బల్లి. ఆ బల్లిని చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది. ఎటు కావాలంటే అటు పోతుంది.

గుమ్మంలో మా అత్తమ్మ కాపలా. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, తునికాకులు. బీడీలు చుడుతూనే ఉండేది, నేను కొంచెం కదిలితే చాలు, తల ఎత్తకుండానే "ఎటు?" అనేది. బాత్రూముకు మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తలుపు బయటే నిలబడి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేది. మంచి మనిషే. ఆ మంచితనానికే నాకు ఊపిరాడేది కాదు. నేను సిరిసిల్లలో సాంచాల మోత మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ మరమగ్గాలు ఆగితేనే మాకు నిద్రలో మెలకువ వస్తుంది. ఈ గదిలో వినపడేది బీడీ ఆకుల కత్తెర చప్పుడు, సాయంత్రం స్టేషన్ వైపు నుంచి రైలు కూత. ఆ కూత విన్నప్పుడల్లా దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని. కుడితిలో పడ్డ ఎలుక బతుకంటే ఏమిటో నన్నడగండి.

మా ఆయన దుబాయిలో గోదాములో పని చేస్తాడు. పొద్దు పోవడం లేదని ఫోనులో నేను రోజూ నస పెడుతుంటే, లీవు మీద వస్తున్న ఊరి మనిషితో ఒక అట్టపెట్టె పంపాడు. ఖర్జూరాలనుకున్నాను. తెరిస్తే పలచటి చెక్క పలకలు. పలకల మీద ముక్కలు కోసే ఉన్నాయి, వేలితో నొక్కితే ఊడి వస్తాయి. అన్నీ అతికిస్తే రైలు బోగీ అవుతుందట, పెట్టె మీద బొమ్మ ఉంది. మంచం దిగడానికి లేని మనిషికి రైలు పంపిన మొగుణ్ణి ఏమనాలి? తిట్టాను. తర్వాత ముక్కలు చూస్తూ పడుకున్నాను.

"ఏందే గది?" అంది అత్తమ్మ.

"రైలు డబ్బా అత్తమ్మా. అతికియ్యాలె."

ఆమె దగ్గరికి వచ్చి ఒక్కో ముక్క తిప్పి చూసింది. వంపు తిరిగిన కప్పు చేతికి రాగానే మొహం మారిపోయింది.

"ఇంట్ల నీళ్ళాడే మనిషుండంగ ఇల్లు కప్పద్దు. గంత ఎరుక లేదా?"

"ఇది ఇల్లు కాదు, రైలు."

"తలుపులున్నయా? కిటికీలున్నయా? మనుషులు పండే బల్లలున్నయా? మరి ఇల్లు గాకపోతే ఏంది?"

మా వైపు ఆ పట్టింపు గట్టిది. మా వీధిలోనే ఒక ఇల్లు మొండిగోడలతో ఆగిపోయి ఉండేది, ఆ ఇంటి కోడలు కాన్పయ్యేదాకా స్లాబు పోయొద్దని. నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. చివరికి పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక ఒప్పందానికి వచ్చాం. బోగీ అంతా కట్టుకోవచ్చు, కప్పు మాత్రం కాన్పు తర్వాత. ఆ కప్పును ఆమె బియ్యం డ్రమ్ములో దాచేసింది.

ఒక పాత బీడీల చాట నాకిచ్చింది. దాన్ని పొట్ట మీద పెట్టుకుని పని చేసేదాన్ని. బీడీ మూతి మడిచే చిన్న ఇనుప పుల్ల మూలల్లో జిగురు నొక్కడానికి బాగా పనికొచ్చింది. తెగిన పోగులు ముడేసిన వేళ్ళు కదా, కిటికీ చట్రాలు తొందరగానే పట్టుబడ్డాయి. ఒక బల్లను తలకిందులుగా అతికించి, మళ్ళీ ఊడదీయలేక వదిలేశాను. లోపలి బిడ్డ తన్నితే చాట కదిలి, ముక్కలు జారిపోయేవి. జారినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. "తన్నింది" అని అరిస్తే అత్తమ్మ కత్తెర ఆపి నవ్వేది.

బోగీ అయిపోయింది. అత్తమ్మ దాన్ని అల్మారా మీద పెట్టింది. ఒక మధ్యాహ్నం వీడియో కాల్‌లో మా ఆయన చూపించమన్నాడు. చూసి, "కప్పేది?" అన్నాడు.

"మీ అమ్మనడుగు."

"అమ్మా, ఒక్కసారి పెట్టి సూపియ్యవా. అతికియ్యకు. ఊకెనే పెట్టు."

నేను నెలరోజులు వాదించినా కరగని మనిషి, కొడుకు ఒక్కమాటకు కరిగిపోయింది. డ్రమ్మును అల్మారా ముందుకు జరుపుకుని, అందులోంచి కప్పు తీసి, బియ్యం దులిపి, బోగీ మీద పెట్టి చూపించింది. మా ఆయన సంబరపడ్డాడు. అంతలో బీడీలు అప్పజెప్పే వేళయిందని వీధిలోంచి ఎవరో కేకేస్తే, అత్తమ్మ గంప ఎత్తుకుని పరుగెత్తింది. కప్పు అట్లాగే ఉండిపోయింది. వచ్చాక వంటపనిలో పడి ఆమె మరిచిపోయింది. నేను పట్టించుకోలేదు.

తెల్లారి నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల ఇంకా పడలేదు. జగిత్యాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత. తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. కొన్ని రోజులు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేమన్నారు.

అత్తమ్మ వార్డులో నా మంచం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు. "నేనే కప్పిన బిడ్డా. నా చేతులతోటే కప్పిన" అని అరచేత్తో నేలను కొట్టుకుంది. నిజం చెప్తున్నాను, ఆ పట్టింపుకు నవ్విన నేను ఆ క్షణంలో దాన్ని నమ్మాను. ఆమె మీద పడి రక్కాలనిపించింది. ఎవరినో ఒకరిని అంటే నా గుండె బరువు దిగుతుందనిపించింది. కానీ ఆ చెయ్యి నేలకు తగులుతున్న చప్పుడు ఆగడం లేదు. పిల్లకేమన్నా అయితే ఈమె బతికినన్నాళ్ళూ ఆ చెక్కముక్క కిందే పడి ఉంటుంది. కదలకుండా పడి ఉండటం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు.

"నువ్వు బీడీలియ్య పోంగనే నేను తీసేసిన అత్తమ్మా," అన్నాను. "కుర్చేసుకొని ఎక్కి తీసిన. నువ్వచ్చేసరికి మళ్ళ పెట్టిన, కుర్చెక్కినని తిడ్తవని. రాత్రంత దాని మీదున్నది నేను కప్పిందే, నువ్వు కప్పింది కాదు."

చెయ్యి ఆగింది. "కుర్చెక్కినవా? కడుపుతోటి కుర్చెక్కినవా?" అని మొదలుపెట్టింది చూడండి, వార్డంతా తిరిగి చూసింది. తిట్లన్నీ తలొంచుకుని తిన్నాను. ఆ సాయంత్రం ఆమె ఇంత అన్నం తిన్నది.

పిల్ల దక్కింది. ఇంటికి తెచ్చుకున్న రోజు వీధిలో ఆడవాళ్ళంతా చూడవచ్చారు. ఒక ముసలమ్మ ఒళ్ళోకి తీసుకుని, "నెలలు నిండకముందే అయ్యె. ఏం జేస్తం, గీ కాలం పిల్లలు ఒక్కకాడ పండరు. లేసి తిరిగి ఉంటది" అంది.

నేను పిల్ల గుడ్డలు మడతపెట్టసాగాను. లేచానని ఆసుపత్రిలో అత్తమ్మ ముందు ఒప్పుకున్నది నేనే మరి.

అత్తమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. "నా కోడలు బాత్రూముకు తప్ప మంచం దిగలె. కుర్చీ గిట్ల ఏం ఎక్కలె. అల్మార ముంగట బియ్యం డ్రమ్ము నేను జరిపింది జరిపినట్టే ఉండె. కుర్చేసే జాగ ఏడిది?"

కుర్చీ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.