దొంగ ఒమాహా

అమ్మా, అందరూ ఇంటున్నారా? ముందే సెప్తున్నాను, ఇది మన వాకింగ్ గ్రూపే. మూడుసార్లు పేరు సూసుకొని మరీ మైకు నొక్కినాను. మా సెల్లి ఇందులో లేదు. అయినా సునీతా, నువ్వు మాత్రం స్పీకర్లో పెట్టకు తల్లీ! మొన్న గుడిలో నేనేటి సేసినానో ఇంటే మీరు నన్ను మళ్ళీ వాకింగ్‌కి రానిస్తారో లేదో. ఏదో దేవుడి దయ, అంతా సల్లగా తేలిపోయింది కాబట్టి సెప్తున్నాను. తేలకపోయుంటేనా, ఈపాటికి నేను హుటాన్ మెలింటాంగ్ పారిపోయి పడవల దగ్గర సేపలు ఏరుకుంటూ ఉండేదాన్ని.

సంగతేటంటే, మా సెల్లి సరళ నర్సు గదా, సుంగై సిపుట్‌లో ఉంటాది. పదహారేళ్ళుగా డయాలసిస్ వార్డు. అందులో సగం నైట్ డ్యూటీలే. దానికి అమెరికాలో ఉద్యోగం వచ్చినాది. ఒకటి కాదు, రెండు! ఒకటి ఒమాహా, ఇంకోటి టల్సా. సినిమాల్లో సూపించే ఊళ్ళు కావు లెండి. మన మలేషియాలో ఈ ఇపో లాగ, మరీ పెద్దా కాదు, మరీ చిన్నా కాదు. మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, అందరూ కలిసి ఎల్తారు. ఏజెంటు ఆఖరికి ఏటన్నాడంటే, "సోమవారం సాయంత్రానికి ఏ ఊరో సెప్పెయ్యండి, లేపోతే రెండూ పోతాయి."

మా మరిది మోహన్‌కి టల్సా కావాలి. బైకు మెకానిక్ గదా. "వదినా, అక్కడ ఎండ ఉంటాది. ఎండ ఉంటే బైకులు తిరుగుతాయి. తిరిగితేనే గదా సెడేది, సెడితేనే గదా నాకు పని! ఆ ఒమాహాలో మంచు పడితే బైకులన్నీ షెడ్డులో పడుకుంటాయి, వాటితోపాటు నేనూనూ" అంటాడు. నిజమే మరి. కామెరాన్ హైలాండ్స్ కొండల మీదకి తీసుకెల్తేనే రెండు స్వెటర్లేసుకొని కారు దిగని మనిషి.

సరళకి ఒమాహా కావాలి. దానిది ఒక్కటే మాట. "ఒమాహాలో డే షిఫ్టు. టల్సాలో నైటు."

ఇంక సూడండి, ఫ్రిజ్ మీద కాయితం అంటించినారు. ఇటు ఒమాహా, అటు టల్సా. టల్సాలో అద్దె తక్కువ, ఒమాహాలో జూ పెద్దది. ఒమాహాలో బడి ఇంటికి దగ్గర, టల్సాలో చలికోట్లు కొనక్కర్లేదు. రెండు ఊళ్ళల్లోనూ గుడి ఉన్నాది, రెండిట్లోనూ కారు లేపోతే కాలు కదలదు, రెండిట్లోనూ కరేపాకు మొక్క ఇంట్లో పెట్టి పసిపిల్లలాగ పెంచుకోవాల. ఎన్నిసార్లు రాసినా సరిసమానం! నేను ఊరుకుంటానా? యూట్యూబ్‌లో రెండు ఊళ్ళూ సూసేసినాను. "మోహన్, టల్సాలో సుడిగాలొస్తే సైరన్ మోగుతాదంట, అందరూ నేల కిందకి దూరాలంట" అన్నాను.

"ఒమాహాలో కూడా మోగుతాది వదినా. ఆ వీడియో కూడా సూడండి" అన్నాడు.

అలాగ మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, నేను ఒమాహా పార్టీ అని. ఇది గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

రెండు వారాలు మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉండి "అన్నం పెట్టమని సెప్పు" అని పిల్లల చేత కబుర్లు! ఆఖరికి మోహన్ వాళ్ళమ్మ, ఆవిడ అరవంలోనే మాట్లాడతారు గదా, "రెండు ఊళ్ళూ నాన్ పాక్కలె, నీంగళుమ్ పాక్కలె. సామి కాలడిలో చీటీ పెడదాం" అన్నారు. నేనూ సూడలేదు, మీరూ సూడలేదు, సామికే వదిలేద్దాం అని. మోహన్ సరే అన్నాడు, సరళ సరే అన్నాది. ఏది వస్తే అదే, మళ్ళీ నోరెత్తకూడదని ఒట్టు. చీటీలు రాసే పని మాత్రం నాకిచ్చినారు. నా సేతిరాత బాగుంటాదని.

శుక్రవారం పొద్దున్న. మా ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చున్నాను. గుడి పూజారి గురుక్కళ్‌కి కూడా తెలియాలని ఇంగ్లీషులో పెద్దక్షరాలు. ఒమాహా రాసినాను, మడిచినాను. టల్సా రాసినాను. అప్పుడే క్లాంగ్ నించి మా పెద్దమ్మ కూతురు మెసేజి పెట్టింది, "ఏటక్కా, ఏ ఊరు బాగుంటాది?" అని. ఇంక అడగాలా! మైకు నొక్కి మొదలెట్టినాను. సేతులు తిప్పకుండా నేను మాట్లాడలేను, మీకు తెలుసు గదా. ఈ సెయ్యి తగిలి తే-తారిక్ టీ గ్లాసు పడిపోయింది. టల్సా చీటీ తడిసి ముద్దైపోయింది. సరే, ఇంకో కాయితం సింపి మళ్ళీ రాసినాను. నోరు మాత్రం ఆపలేదు. నోరేటి సెప్తోంది? "ఒమాహా అయితే డే షిఫ్టు, ఒమాహా అయితే బడి దగ్గర, ఒమాహా..." 

మరి సెయ్యి ఏటి రాస్తాది?

నాకు తెలీదమ్మా, నా తోడు! మడిచి పర్సులో ఏసుకొని ఎల్లిపోయినాను.

గుడిలో గురుక్కళ్ రెండు చీటీలూ పువ్వుల్లో కలిపి సామి దగ్గర పెట్టినారు. కర్పూరం హారతి ఇచ్చినారు. మోహన్ వాళ్ళమ్మ కళ్ళు మూసుకొని ఒకటి తీసినారు. "ఒమాహా!" సరళ కళ్ళమ్మట నీళ్ళు. మోహన్ ఒక్క నిమిషం కిందకి సూసినాడు, తర్వాత, "ఓకే లా, సామి సెప్పేసినాడు" అన్నాడు. నేను ఎంత సంబరపడిపోయినానో! అరటిపళ్ళు, పువ్వులు, మిగిలిన చీటీ, అన్నీ కవర్లో ఏసి నాకే ఇచ్చినారు.

సాయంత్రం పువ్వులు తీసి సర్దుతున్నాను. ఆ రెండో చీటీ సేతికి తగిలింది. ఊరికే, ఏదో సెయ్యి ఊరుకోక ఇప్పినాను.

ఒమాహా!

కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. ఒమాహాయే! మా ఆయన బ్యాడ్మింటన్ సూస్తున్నాడు. తీసుకెల్లి ముఖం ముందు పెట్టినాను.

ఆయన సదివి, తాపీగా, "ఎవరికైనా సెప్పినావా?" అన్నాడు.

"లేదు."

"సెప్పకు. నీ జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సెప్పకు."

రాత్రంతా నిద్ర పడితే ఒట్టు. నాకు ఒకటే భయం. సెప్పకపోతే? ఆ మోహన్ అక్కడ మంచులో పని లేక కూర్చుంటే ఆ ఉసురు నాదే. సెప్తే? "ఒమాహా పార్టీ మనిషి, దేవుడి దగ్గరే దొంగాట ఆడింది" అంటాడు. పదిహేడేళ్ళుగా నన్ను వదినా వదినా అని, నా బైకుకి సొంత బైకులాగ ఆయిలు మార్చే మనిషి. మళ్ళీ నా ముఖం సూస్తాడా?

శనివారం పొద్దున్నే బైకేసుకొని సుంగై సిపుట్ ఎల్లిపోయినాను. మోహన్ ఇంటి ముందు షాపులోనే ఉన్నాడు, ఏదో ఇంజిను ఇప్పి కూర్చున్నాడు. సరళ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి అతనికి టిఫిన్ పెడతా ఉన్నాది. హెల్మెట్ తియ్యకుండానే సెప్పేసినాను. టీ ఒలికింది, చీటీ తడిసింది, నోరు ఒమాహా అంది, సెయ్యి ఒమాహా రాసింది. ఒక్క గుక్కలో!

మోహన్ గుడ్డతో సేతులు తుడుసుకుంటున్నాడు. తుడుసుకుంటున్నాడు. తుడుసుకుంటూనే ఉన్నాడు. "రెండూ ఒమాహాయేనా వదినా?"

"రెండూ ఒమాహాయే నాయనా. కావాలని సెయ్యలేదు."

సరళ నా మీదకొచ్చింది. "అక్కా! నిజం సెప్పు, నా కోసం సేసినావా?" సొంత సెల్లెలే! మోహన్ వాళ్ళమ్మ లోపల్నించి ఇని, "దెయ్వ కుత్తం! దెయ్వ కుత్తం!" అని సెంపలేసుకుంటున్నారు. సామికి అపచారం జరిగిపోయిందని.

మోహనే అన్నాడు, "పోనీ లా. వచ్చిందేదో వచ్చింది, అదే ఉంచేద్దాం."

సరళ ఒప్పుకోలేదు. అప్పటికి రాత్రి డ్యూటీ సేసొచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గిన్నె కింద పెట్టేసి, "నాకు దొంగ ఒమాహా వద్దు. మళ్ళీ తీద్దాం. టల్సా వస్తే టల్సాయే, నైటు సేస్తాను. నాకేటి కొత్తా?" అన్నాది.

నా ఒక్క రాత్రి నిద్ర పోతే పోయింది గానీ, ఇప్పుడు టల్సా గానీ వస్తే, సేతికందిన డే షిఫ్టు నా నోటి వల్ల పోయినట్టే!

ఆదివారం మళ్ళీ గుడి. జరిగింది ఇని గురుక్కళ్ నన్ను ఎలాగ సూసినారంటే సెప్పలేను. ఈసారి గుడి మండపంలోనే, అందరి ఎదుట రాయాలి. మా ఆయన ముందే నా నోట్లో ఇంత హల్వా ముక్క పెట్టినాడు. "ఇది అయ్యేలోపు రాసెయ్యి" అన్నాడు. ఒక చీటీ ఒమాహా, ఒక చీటీ టల్సా. సరళ సూసింది, మోహన్ సూసినాడు, వాళ్ళమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా తిప్పి తిప్పి సూసినారు. గురుక్కళ్ కూడా గట్టిగా సదివి, తనే మడిచినారు.

కర్పూరం ఎలిగించినారు. వాళ్ళమ్మ సెయ్యి సాపబోతే మోహన్ ఆపినాడు. "ఈసారి నేను తీస్తానమ్మా."

తీసినాడు. ఇప్పినాడు. సూసినాడు. కొంచెంసేపు సూసినాడు. నా నోట్లో హల్వా ఉండబట్టి సరిపోయింది గానీ, లేపోతే "ఏటి, ఏటి" అని పేణం తీసేద్దును.

"ఒమాహా" అన్నాడు.

చీటీ కళ్ళకద్దుకొని కర్పూరంలో పడేసినాడు. వాళ్ళమ్మ "మురుగా!" అని దండం పెట్టినారు. సరళ అక్కడే కూలబడి ఏడుపు. రెండుసార్లు సెప్పినాడు సామి, ఇంక ఎవరికేటి అనుమానం! నాకు ఎలాగుందంటే, తలమీంచి గ్యాస్ సిలిండర్ దింపినట్టుంది. నా తప్పు మాసిపోయింది! అందరికీ సూపించాలి గదా, ఈసారి సరిగ్గా రాసినానని. పువ్వుల్లోంచి రెండో చీటీ తీసి ఇప్పినాను.

ఒమాహా.

మళ్ళీ రాసేసినానా! లేదే, నలుగురు సూసినారే, గురుక్కళ్ గట్టిగా సదివినారే! మరి ఒమాహా ఇక్కడుంటే, అక్కడ కాలిపోయింది ఏటి?

తల ఎత్తినాను. మోహన్ నన్నే సూస్తున్నాడు. ఊరికే సూస్తున్నాడు.

"ఏటక్కా, అది టల్సాయే గదా? ఇలా తే" అని సరళ సెయ్యి సాపింది.

"ఆఁ, టల్సాయే" అన్నాను. అని, పక్కన ఆకులో ఉన్న చక్కెర పొంగలి ముద్దతో పాటు ఆ చీటీ నోట్లో ఏసుకొని మింగేసినాను! గురుక్కళ్ నోరు తెరిచి సూస్తున్నారు. "ప్రసాదం సామీ" అన్నాను. మరేటి అంటాను?

బయట బైకులు తీస్తున్నప్పుడు మోహన్ నా దగ్గరకొచ్చి నా సైడు స్టాండు తీసిపెట్టినాడు. మెల్లగా అన్నాడు, "వదినా, ఈసారి చీటీలు సక్కగా రాసినారు."

నేను, "మరి నీ బైకులు?" అన్నాను.

"మంచు కరగదేటి వదినా? కరిగినప్పుడు సూసుకుందాం లా."

అంతే. ఎల్లిపోయినాడు. సోమవారం ఏజెంటుకి ఒమాహా అని సెప్పేసినారు. సరళ ఫోన్లో రోజుకి నాలుగుసార్లు, "అక్కా, సామికి నా మీద ఎంత దయో సూసినావా" అంటోంది. నేను "అవును, అవును" అంటున్నాను. ఒక్క మాట ఎక్కువ సెప్పట్లేదు. మీకు సెప్పేసినాను గానీ, మీరు ఇంకెవరికీ సెప్పకండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇంట్లో అయితే మా ఆయనకి కూడా సెప్పలేదు. ఆయన మూడు రోజులుగా నన్ను ఎగాదిగా సూస్తున్నాడు. ఇందాక వచ్చి, నా నుదుటి మీద సెయ్యేసి, "జొరం లేదు, దగ్గు లేదు, మరి మాట పడిపోయిందేటి?" అంటున్నాడు. రేపు పొద్దున్నకి క్లినిక్‌లో టోకెన్ తీసేసినాడు.