నా భార్య మెడలోని వెండి గొట్టం

నా భార్య పోయి నెల కాలేదు. ఆమెను గొంతు కోయించి చంపానని అంటున్నవాళ్లు కూడా ఇది చదువుతారు. చదవనివ్వండి.

ఆమెది పెద్ద నోరు. హనుమకొండలో మా వాకిట్లోకి వచ్చిన కూరగాయలామె తట్ట దించకముందే జగడం మొదలయ్యేది. బేరం తెగాక ఆమెకే దాహానికి చల్ల పోసి ఇచ్చేది. "తిట్టుడు వేరే, దూప వేరే" అనేది.

గొంతు లోపల వాచి ఊపిరాడక నల్లబడిపోతుంటే, దవాఖానలో నేను సరేనన్నాక డాక్టరు మెడ ముందు భాగం కోసి శ్వాసనాళంలో వెండి గొట్టం పెట్టాడు. ఊపిరి వచ్చింది, మాట పోయింది. వాపు కొంత తగ్గాక, గొట్టానికి వేలు అడ్డం పెడితే మాట వస్తుందని తనే కనిపెట్టింది. మొదటి మాట నాతోనే: "గడ్డం గీస్కో. దొంగ లెక్క ఉన్నవ్."

తర్వాత కోత అంచున నెత్తురు ఊరింది. డాక్టరు లోపలి సన్న గొట్టం తీసి, నెత్తురు గడ్డలు కడిగి, మళ్లీ పెట్టాడు. మందులో తడిపిన పేలిక గొట్టం చుట్టూ కూరాడు. "చుట్టూ పెట్టవచ్చు. గొట్టం మీద మాత్రం ఏమీ పెట్టకండి. ఇప్పుడు ఆమె ముక్కు అదే" అని అందరికీ చెప్పాడు.

ఆమె అన్న విన్నాడు. నెత్తురు మళ్లీ కనబడగానే, గాయానికి పసుపు పెట్టాల్సిందేనని, పసుపు అద్దిన గుడ్డ గొట్టం మీదే అదిమాడు. నేను మందు తెచ్చేసరికి ఆమె కాళ్లు కొట్టుకుంటున్నాయి. నేను మంచం చేరేలోపు తనే ఆ గుడ్డ పీకి అన్న ముఖాన కొట్టింది. ఊపిరి అందాక వేలు పెట్టి, "నన్ను ముట్టకు" అంది.

ఆయన నా మీదికి వచ్చాడు. "నెత్తురు కారుతాంటే సూస్కుంట కూసోవాల్నా? గొంతు కోయించినోడు మంచోడు, పసుపు పెట్టినోడు చెడ్డోడాయె?"

"బయటికి నడువు బావా" అన్నాను. నెట్టాను కూడా.

ఆ వారమే లోపలి పెద్ద రక్తనాళం తెగింది. డాక్టరు కోతలోకి వేలు పోనిచ్చి అదిమిపట్టాడు. నెత్తురు కాసేపు ఆగింది. ఆమె నన్ను చూసి, మాట్లాడటానికి చేయి ఎత్తింది. డాక్టరు చేయి అడ్డం ఉండటంతో దించేసింది. ఏం చెప్పబోయిందో నాకు తెలియదు.

గొట్టం లేకపోతే మొదటి పూటే పోయేది. ఆ తర్వాతి రోజులు ఆమె గెలుచుకున్నవి. గొట్టం పెట్టించడం నేరమంటే ఒప్పుకోను.

సమాధి దగ్గర ఆమె అన్న గుంతకు అవతల నిలబడ్డాడు. కుడిచేత్తో మట్టి వేశాడు. ఎడమచేయి మాత్రం తన మెడ మీదే ఉంది, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటున్నట్టు.